బండి నెత్తిన బంగారం

జాతరకు వెళ్లే ప్రతి బండికీ పైన ఒక మూట ఉంటుంది. ఆ మూట కింద రెండు రాడ్లుంటాయి. ఆ రాడ్ల కింద నాలుగు బోల్టులుంటాయి. జనగామలో బయల్దేరి, మానుకోట మీదుగా మేడారం చేరి, భూపాలపల్లి దారిన తిరిగొచ్చే ప్రయాణంలో భారమంతా వాటిదే!

తెల్లవారుజాము నాలుగున్నర. జనగామలో ఒక ఇంటి వాకిట్లో ఏడుగురు కూర్చునే కారు సిద్ధంగా ఉంది. దాని చుట్టూ సామాను. గుడారం మూట, పరుపులు, దుప్పట్లు, వంటపాత్రల గోనె, పాతిక కిలోల బియ్యం బస్తా, ఒక మడత మంచం. అన్నిటికంటే ముందు, పసుపు రాసిన కొత్త గుడ్డలో కట్టిన బెల్లం. సరిగ్గా ఇరవై ఎనిమిది కిలోలు. ఆ ఇంటి పిల్లాడి బరువు అంతే మరి.

మేడారం వెళ్లేవాళ్లు బెల్లాన్ని బెల్లం అనరు. బంగారం అంటారు. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తే అది నిలువెత్తు బంగారం. పిల్లాడు జ్వరంతో పదిహేను రోజులు ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు నాయినమ్మ మొక్కుకుంది. పిల్లాడు కోలుకున్నాడు. జాతర వచ్చింది. బంగారం తూచారు. ఇక మిగిలింది తీసుకెళ్లడమే.

పేచీ అక్కడే వచ్చింది. 'బంగారం పైన పెట్టున్రి. కాళ్ల కాడ పెడ్తరా ఎవరన్న?' అంది నాయినమ్మ. కొడుకు తల గోక్కున్నాడు. ఆయన చేతిలో కారుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఉంది. కొన్న రోజున డాష్‌బోర్డు అరలో పెట్టి మళ్లీ తీయని పుస్తకం. అందులో ఒక అంకె. పైకప్పు మీద 75 కిలోలకు మించకూడదని.

ముందురోజు బిగించిన రాడ్ల బరువు ఐదు కిలోలు. వాటి మీద కూర్చోబెట్టిన బుట్టలాంటి క్యారియర్ పదిహేను. అవి కూడా ఆ 75లోనే లెక్క! అంటే సామానుకు మిగిలింది యాభై అయిదు. వాకిట్లో ఉన్నదేమో నూట నాలుగు.

టన్ను దాటిన బండికి ఇంతేనా?

ఏడుగురు మనుషుల్ని మోసే కారు, తానే టన్నుకు పైగా తూగే కారు, నెత్తిన ఒక మనిషి బరువు మోయలేదా? ఈ అనుమానం అందరికీ వచ్చేదే. మోయలేక కాదు. నిలబడి ఉన్నప్పుడు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. బండి కదిలాకే అసలు సంగతి మొదలవుతుంది.

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గట్టిగా బ్రేకు వేశారనుకోండి. పైనున్న యాభై కిలోల మూట ఆగనంటుంది. ముప్పై, నలభై కిలోల తోపుతో ముందుకు నెడుతుంది. ఆ తోపును ఆపాల్సింది రాడ్ల కింద ఉండే నాలుగు పట్లే. మలుపు తిరిగితే అదే మూట పక్కకు లాగుతుంది. గుంత వస్తే ఒక్క క్షణం గాల్లోకి లేచి, తన బరువుకు రెట్టింపుగా కింద పడుతుంది. పైగా గాలి. వేగం నలభై నుంచి ఎనభైకి పెరిగితే గాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

ఇంకోటి కూడా ఉంది. బరువు పైకి వెళ్లే కొద్దీ బండి ఊగుతుంది. తలమీద నీళ్లబిందె పెట్టుకున్న మనిషి మలుపులో ఎందుకు నెమ్మదిస్తుందో ఆలోచిస్తే చాలు. అదే బిందె చంకన పెట్టుకుంటే అంత జాగ్రత్త అక్కర్లేదు. మేడారం దారిలో మలుపులకు కొదవ లేదు.

చాలా కార్లకు ఈ పరిమితి 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. కొన్ని పెద్ద బండ్లకు వంద దాకా ఇస్తారు. కొన్నింటికి అసలు క్యారియరే పెట్టొద్దంటారు. ఏ బండికి ఎంతన్నది ఆ బండి పుస్తకమే చెప్పాలి. పక్కింటి కారు అంకె మన కారుకు పనికిరాదు.

జనగామ వాకిట్లో లెక్క మళ్లీ మొదలైంది. మడత మంచం ఇంట్లోకి వెళ్లిపోయింది. బియ్యం బస్తా సీట్ల మధ్య నేల మీదికి చేరింది. గుడారం పన్నెండు, పక్కబట్టలు పదిహేను, పాత్రలు పద్నాలుగు. మొత్తం నలభై ఒకటి. అవి పైకి. మరి బంగారం? కోడలే దారి చూపింది. 'పిల్లగాని పక్క సీట్ల కూసోబెడదాం అత్తమ్మా. బెల్టు కూడ పెడదాం' అంది. మానుకోట దాకా బండిలో ఉండేది ఐదుగురే. రెండు సీట్లు ఖాళీ. నాయినమ్మ ఒప్పుకుంది. బంగారం సీటెక్కింది, బెల్టు పెట్టుకుంది!

రాడ్లు ఎక్కేదిలా

ఆ రాడ్లు బిగించింది ముందురోజు సాయంత్రం. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా ములుగు వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది జనగామ. జాతర నెల వచ్చిందంటే ఈ దారిలో కార్ల సామగ్రి దుకాణాలకు, వెల్డింగ్ షాపులకు చేతినిండా పని.

పాతకాలం బండ్లకు ఈ పని తేలిక. అంబాసిడర్, కమాండర్ జీపు, ట్రెక్కర్, ఓమ్నీ... వీటి పైకప్పు అంచు వెంట వాన నీళ్లు జారడానికి ఇనుప గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిలో పెట్టి, కొక్కెం తగిలించి, బోల్టు బిగిస్తే సరిపోయేది. తుఫాన్ బండ్ల మీద కనిపించే నిలువెల్లా క్యారియర్లు, వెనక ఎక్కడానికి నిచ్చెన ఆ కాలపు అలవాటే. పల్లెకు వచ్చే ఎర్రబస్సుకు కూడా ఒకప్పుడు పైన క్యారియర్, వెనక నిచ్చెన ఉండేవి. కూరగాయల గంపలు, సైకిళ్లు, మేకపిల్లలు అన్నీ టాప్ మీదే.

ఇప్పటి కార్లకు ఆ గాడి లేదు. పైకప్పు నున్నగా ఉంటుంది. అందుకని రాడ్ల పట్టు మూడు రకాలుగా దొరుకుతుంది. కొన్ని కార్లకు పైన రెండువైపులా పొడవాటి రెయిళ్లుంటాయి. రాడ్ల కాళ్లు వాటిని పట్టుకుంటాయి. కొన్నింటికి పైకప్పులోనే చిన్న మూతల కింద బోల్టు రంధ్రాలు ఇస్తారు. ఏమీ లేని కార్లకు తలుపు పైఅంచును పట్టుకునే ఉక్కు కొక్కేలు వాడతారు. ఈ కొక్కెం ఏ కారుకు ఆ కారుదే. ఒకదానిది ఇంకోదానికి సరిపోయినట్టే కనిపిస్తుంది, దారిలో జారుతుంది.

రెయిళ్లు కనిపించాయి కదా అని సంబరపడటానికీ లేదు. మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్ల మీద ఉండేవి అలంకారం రెయిళ్లు. చూడ్డానికి నల్లగా, నిగనిగలాడుతూ ఉంటాయి. కింద జిగురో, రెండు చిన్న క్లిప్పులో తప్ప బలమైన ఆధారం ఉండదు. బరువు పెడితే రెయిలుతో సహా ఊడొస్తుంది. ఇదీ పుస్తకం చూసి తేల్చుకోవాల్సిందే.

జనగామ కారుకున్నవి అసలు రెయిళ్లే. మేస్త్రీ ముందు తడిగుడ్డతో రెయిళ్ల మీది దుమ్ము తుడిచాడు. దుమ్ము మీద బిగిస్తే రబ్బరు పట్టదు, పైగా ఇసుక గీకి రంగు పోతుంది. తర్వాత టేపు తీశాడు. ముందు రాడు ఎక్కడ ఉండాలి, వెనకది దానికి ఎంత దూరంలో ఉండాలి అన్నది రాడ్ల పెట్టెలోని కాగితంలో ఉంటుంది. ఆ దూరం రెండువైపులా కొలిచాడు. కుడివైపు ఒక వేలు ముందుకు, ఎడమవైపు ఒక వేలు వెనక్కి ఉంటే రాడు వంకరగా కూర్చుంటుంది. వంకరగా కూర్చున్నది ఎంత బిగించినా వదులవుతుంది.

అసలు పనితనం బిగింపులో ఉంది. ఒక కాలును పూర్తిగా బిగించి తర్వాత రెండోది పట్టుకోలేదు మేస్త్రీ. నాలుగింటినీ ముందు చేత్తో తిప్పి నిలబెట్టాడు. తర్వాత పెట్టెలో వచ్చిన తాళంచెవిలాంటి పానాతో కుడివైపు రెండు చుట్లు, ఎడమవైపు రెండు చుట్లు. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. టైరు మార్చేటప్పుడు నట్లను ఎదురెదురుగా బిగిస్తామే, అలా. చివర్లో టక్కున ఒక చప్పుడు వచ్చింది. మంచి సెట్లలో పానాయే ఇక చాలని చెబుతుంది. 'ఇంకొంచెం బిగించరాదన్నా' అన్నాడు కారాయన. మేస్త్రీ నవ్వాడు. పొడవు పానా వేసి బలంకొద్దీ తిప్పితే మరలు అరుగుతాయి, రెయిలు నొక్కుకుపోతుంది. లేదంటే బోల్టు లోపలే సగం తెగి, రేపు దారిలో మిగతా సగం తెగుతుంది. గట్టితనం వేరు, మొండితనం వేరు.

ఆఖరి పరీక్ష చేతిది. రాడును రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కీ గుంజాడు. రాడు కదల్లేదు, కారు ఊగింది. అదీ లెక్క. రాడు ఊగితే మళ్లీ మొదటికి రావాలి. ఆ తర్వాత నాలుగు తలుపులూ తీసి, వేసి చూపించాడు. వెళ్లేముందు ఒక మాట చెప్పాడు. 'రేపు యాబై కిలోమీటర్లు పోయినంక ఆపి, నాలుగు బోల్టులు మళ్లొకపారి చూడున్రి.'

తొర్రూరులో టీ

జనగామ నుంచి మానుకోటకు పాలకుర్తి మీదుగా దారి. శివకవి పాల్కురికి సోమనాథుడి ఊరు పాలకుర్తి. గుట్ట మీద సోమేశ్వరస్వామి గుడి. దగ్గర్లోనే బమ్మెర. పోతన ఊరు. తెల్లవారుతుండగా పొలాల మీద మంచు. ఇంకా ఎండ ఎక్కలేదు. కారులో పిల్లలిద్దరూ నిద్ర. బెల్టు పెట్టుకున్న బంగారం మాత్రం మెలకువగా ఉన్నట్టు నిటారుగా కూర్చుంది.

తొర్రూరు వస్తే వరంగల్, ఖమ్మం రహదారి తగులుతుంది. టీ కోసం బండి ఆగింది. ఆయనకు మేస్త్రీ మాట గుర్తొచ్చింది. పానా తీసి నాలుగు బోల్టులూ చూశాడు. మూడు కదల్లేదు. ముందు ఎడమవైపుది అర చుట్టు తిరిగింది!

మేస్త్రీ తప్పు కాదది. కొత్త రబ్బరు మెత్తలు బరువుకు, కుదుపుకు కొంచెం అణుగుతాయి. అవి అణిగినంత మేర బోల్టు వదులవుతుంది. మొదటి యాభై కిలోమీటర్లలోనే చాలావరకు జరిగిపోతుంది. అందుకే మళ్లీ చూడమనేది. ఆ అర చుట్టు వదిలేస్తే ప్రతి గుంతకూ ఇంకాస్త పెరుగుతుంది. ఒక మూల వదులైతే దాని బరువు మిగతా మూడు మోయాలి. పైన మూట కొద్దిగా జరుగుతుంది. లోపల కూర్చున్నవారికి ఏమీ తెలియదు. చప్పుడు వచ్చేసరికి ఆలస్యమై ఉంటుంది.

టీ తాగిన ఐదు నిమిషాల్లోనే ఆ పనీ అయిపోయింది.

మానుకోట బావ ముడి

మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లు ఇప్పటికీ మానుకోటే అంటారు. కాజీపేట, విజయవాడ రైలు మార్గంలో ఉన్న ఊరు. 2016 అక్టోబరు 11న జనగామ, భూపాలపల్లితోపాటు కొత్త జిల్లా కేంద్రమైంది. ఈ జిల్లాకూ మేడారానికీ బంధుత్వం ఉంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు గుడి ఉన్న పూనుగొండ్ల ఈ జిల్లాలోనే, అడవిలో ఉంది. జాతర వేళ కోయ పూజారులు పగిడిద్దరాజును తీసుకుని అక్కణ్నుంచి అడవి దారిన కాలినడకనే మేడారం చేరుకుంటారు. వారికి కారు లేదు, క్యారియర్ లేదు. దేవుణ్ని చేతుల మీద మోసుకెళ్తారు.

మానుకోటలో అక్కాబావా ఎదురుచూస్తున్నారు. బావ పదిహేనేళ్లు లారీ నడిపినవాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసుకెళ్లిన చెయ్యి. కారు ఆగీ ఆగగానే ఆయన చూపు పైకి వెళ్లింది. చుట్టూ ఒకసారి తిరిగాడు. మూటకు కట్టిన సాగే హుక్కుల తాళ్లను వేలితో మీటాడు. 'బామ్మర్దీ, ఇవి పెట్టెలు కదలకుండ పట్టుకుంటయి గని ఆపవు. సాగేదాన్ని నమ్మితే సాగి పోతది' అన్నాడు.

మిర్చి బస్తా బరువు తక్కువ, ఒళ్లు ఎక్కువ. గాలికి అదే శత్రువు. లారీ మీద కట్టి కట్టి ఆయనకు గాలి సంగతి బాగా తెలుసు. మొత్తం విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.

బరువైన పాత్రల గోనెను రెండు రాడ్ల మధ్యకు, నడిమికి తెచ్చాడు. తేలికైన పక్కబట్టలు చుట్టూ సర్దాడు. పైన టార్పాలిన్ కప్పి దాని ముందు అంచును మూట కిందికి మడిచి దోపాడు. ముందు అంచు తెరిచి ఉంటే గాలి అందులో దూరి తెరచాపలా లేపేస్తుంది. టార్పాలిన్ చిన్నదై రెండు ముక్కలు వాడాల్సి వస్తే ముందు ముక్క వెనక ముక్క మీదికి రావాలి. ఇంటి పైకప్పున గూనపెంకు మీద గూనపెంకు వచ్చినట్టు. అప్పుడు గాలైనా, వానైనా పైనుంచి జారిపోతాయి.

తర్వాత సాగని బెల్టులు. అడ్డంగా రెండు, నిలువుగా ఒకటి. ప్రతి బెల్టూ రాడ్ల కిందినుంచి పోనిచ్చాడు. ఉత్త క్యారియర్ బుట్టకు కట్టి వదల్లేదు. బుట్ట ఊడినా మూట రాడ్లకు అంటుకునే ఉండాలన్నది ఆయన లెక్క. గాలికి బెల్టు రొదపెట్టకుండా ఒక్క మెలిక తిప్పాడు. మిగిలిన కొసలు గాలికి కొట్టుకోకుండా కింద ముడివేశాడు. ఒక బెల్టు తక్కువైతే నైలాన్ తాడు తీసి లారీవాళ్లు వేసే ముడి వేశాడు. మధ్యలో చిన్న ఉచ్చు, అందులోంచి తాడు వెనక్కి లాగి బిగించి, పైన రెండు గంట్లు. లాగినకొద్దీ బిగుస్తుంది, కొస పట్టుకుని గుంజితే ఊడుతుంది. 'నైలాన్ తాడు తడిస్తే సాగుతది. మంచు కురిసినంక పొద్దున మళ్ల బిగియ్యాలె' అన్నాడు.

అక్కాబావా ఎక్కారు. ఏడు సీట్లూ నిండాయి. బంగారానికి సీటు లేదు! నాయినమ్మ మొహం మళ్లీ మారింది. 'ఇగ పైనే పెట్టున్రి అల్లుడూ' అంది. అల్లుడు లారీలో ఎన్ని బస్తాలు సర్ది ఉంటాడో. వెనక డిక్కీ తలుపు తీశాడు. చివరి సీటు వెనక ఉన్న చోట కొత్త దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడు. బంగారాన్ని రెండు చేతులా ఎత్తి దాని మీద పెట్టి, సీటుకు ఆనించి బెల్టుతో కట్టాడు.

'కాళ్ల కాడ కాదు అత్తమ్మా. మనందరి ఎనుక. ముంగట మనమే కావలి. పైన పెడ్తే దిగేదాక అందరం మెడలు పైకెత్తి సూసుకుంట పోవాలె' అన్నాడు.

బరువు కిందికి, వెనక ఇరుసు దగ్గరికి చేరింది. బండికి మేలు. నాయినమ్మ ఆ దుప్పటిని ఇంకోసారి సవరించి, దండం పెట్టి ఎక్కింది. ఆమెకూ మేలు.

అడవి దారిలో ఒక్క క్షణం

మానుకోట నుంచి గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి. అక్కడ మళ్లీ 163వ రహదారి. ములుగు దగ్గర గట్టమ్మ గుడి. మేడారం వెళ్లే బండి ఏదైనా ఇక్కడ ఆగాల్సిందే. మొదటి మొక్కు గట్టమ్మకు. కొబ్బరికాయ కొట్టి డ్రైవర్లు బండి ముందు నిమ్మకాయ పెడతారు. బావ మాత్రం కొబ్బరికాయ కొట్టాక పైకెక్కి బెల్టులు చూశాడు. దండం దండమే, బెల్టు బెల్టే!

పస్రా దాటాక అడవి దట్టమవుతుంది. ఒకప్పుడు ఈ దారిన ఎడ్లబండ్ల బారులే. బండి నిండా గడ్డి, దాని మీద పిల్లలు, పైన వంటసామాను, అన్నిటికీ కలిపి ఒక మోకు. ఎద్దు నడకకు అది సరిపోయేది. మోకు వదులైతే పక్కన నడిచేవాడు చూసి బిగించేవాడు. ఇప్పుడు పక్కన నడిచేవాడు లేడు. వెనక వచ్చేవాడే ఉన్నాడు.

ఆ వెనకవాడి సంగతే ఇక్కడ కళ్లకు కట్టింది. ముందు వెళ్తున్న ఒక జీపు గుంతలో దబ్బున దిగి లేచింది. దాని టాప్ మీది మూటల్లోంచి ఒకటి జారి రోడ్డు మీద పడింది. ఇత్తడి బిందె దొర్లుకుంటూ వచ్చింది. జీపు వెనక మోటారు సైకిల్ మీద భార్యాభర్తలు. ఆమె ఒడిలో పాప. అతను బండిని పక్కకు కోసి మట్టిలోకి దించాడు. పడబోయి ఆగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. జీపు డ్రైవరుకు తెలియనే లేదు. వెనకనుంచి నాలుగు బండ్లు హారన్లు కొడితే ఆపాడు.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాయినమ్మ వెనక్కి తిరిగి దుప్పటి మీది మూటను చూసుకుంది. ఇరవై ఎనిమిది కిలోలు. అదే గనక పైనుంచి ఆ మోటారు సైకిల్ మీద పడి ఉంటే? మొక్కు మన పిల్లాడి కోసం. వెనక వచ్చే పాప ఇంకెవరి మొక్కో.

టాప్ మీద సామానే కాదు, మనుషులూ కనిపిస్తారు జాతర దారిలో. చల్లగాలి, సరదా, పైగా లోపల చోటు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ ప్రకారం నడిచే బండి పైకప్పు మీద, బానెట్ మీద, ఫుట్‌బోర్డు మీద ప్రయాణం నిషేధం. సామాను బెల్టులతో కట్టుకుంటాం. మనిషిని దేనితో కడతాం? రోడ్డు మీదికి వంగిన ఒక్క కొమ్మ చాలు.

కొమ్మలు సామానుకూ ప్రమాదమే. ఎప్పుడూ నడిపే బండే అయినా క్యారియర్ పెట్టాక దాని ఎత్తు మారుతుంది. ఆ సంగతి మరిచిపోయి స్వాగత తోరణాల కింద, తక్కువ ఎత్తు రేకుల షెడ్లలోకి దూరిపోతారు. మొదటి చప్పుడుతో గుర్తొస్తుంది.

మాఘ పౌర్ణమి రోజుల్లో రెండేళ్లకోసారి జరిగే జాతర ఇది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల మీదికి వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. జంపన్న వాగులో స్నానం చేసి, పిల్లాడి చెయ్యి పట్టుకుని, బంగారాన్ని భుజానికెత్తుకుని నడిచారంతా. బండి మోసేది అక్కడిదాకానే. గద్దెల దాకా మోయాల్సింది మనిషే.

భూపాలపల్లి: ఖాళీ బుట్ట పాట

జాతరలో వచ్చిన దారినే వెనక్కి పోనివ్వరు. రద్దీ తట్టుకోవడానికి పోలీసులు కొన్ని దారుల్ని ఒకవైపే నడిపిస్తారు. ప్రైవేటు బండ్లను బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు మళ్లించడం పరిపాటి. అడవి దాటితే భూపాలపల్లి. సింగరేణి గనుల ఊరు. 2016 నుంచి 2019 దాకా మేడారం ఈ జిల్లాలోనే ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయ్యాక అటు వెళ్లింది. ఇటు కాళేశ్వరం వెళ్లే యాత్రికుల బండ్లు, అటు బొగ్గు లారీలు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు కాళేశ్వరం బయల్దేరిన చాలామందికి ఈ ఊరు దారిలోదే.

గుడారం, పక్కబట్టలు లోపలే సర్దుకున్నారు. బంగారం గద్దెల దగ్గర ఉండిపోయింది. బియ్యం అయిపోయింది. పైన ఇక ఖాళీ బుట్టే. దిగులేముంది అనుకున్నారు. అడవి దాటి వేగం పెరగ్గానే పైనుంచి ఊఁ... అని ఒక పాట మొదలైంది. బరువున్నంతసేపూ నోరు మూసుకున్న రాడ్లు ఖాళీ అవగానే పాడతాయి. గాలి గుండ్రటి, చదరపు రాడ్లను తాకినప్పుడు వచ్చే చప్పుడది. విమానం రెక్కలా సన్నగా చేసిన రాడ్లకు ఈ రొద తక్కువ, ధర ఎక్కువ. చప్పుడు ఒక్కటే కాదు, ఖాళీ క్యారియర్‌కు కూడా గాలి అడ్డే. డీజిలు దానికీ తాగుతుంది.

ఎదురుగా వచ్చే పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడు గాలి దెబ్బ ఒకటి తగులుతుంది. కారు చిన్నగా పక్కకు జరుగుతుంది. పైన బుట్ట ఉంటే ఆ దెబ్బ ఇంకాస్త. భూపాలపల్లిలో టీ కోసం ఆపారు. ఈసారి పానా అడిగింది పిల్లాడు. టైరు మీద నిలబడి, నాన్న పట్టుకోగా, నాలుగు బోల్టులూ తిప్పి చూశాడు. రాడు పట్టుకుని బలంకొద్దీ గుంజాడు. కారు ఊగింది. 'కదుల్తలేదు నాయినమ్మా' అని కిందినుంచి చూస్తున్న ఆమెకు చెప్పాడు.

పరకాల మీదుగా రాత్రికి ఇల్లు. మరునాడు పొద్దున రాడ్లు విప్పారు. రెయిళ్ల మీద రబ్బరు ఉన్నచోట సన్నటి దుమ్ము గీత. తుడిచేశారు. బోల్టులు, పానా, కాగితం ఒక డబ్బాలో పెట్టి మీద పేరు రాశారు. ఈసారి కారు పుస్తకం అరలోకి కాదు, ఆ డబ్బాలోకే వెళ్లింది.

వచ్చే జాతరకు మళ్లీ బంగారం తూయాలంటోంది నాయినమ్మ. అప్పటికి పిల్లాడు ముప్పై అయిదు తూగుతాడేమో. పైకప్పు అంకె మాత్రం 75 దగ్గరే ఉంటుంది. ఫర్వాలేదు. బంగారం ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడు ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

బయల్దేరే ముందు ఒక్కసారి

* కారు పుస్తకంలో ఉన్న పైకప్పు పరిమితిలోంచి రాడ్లు, క్యారియర్ బరువు తీసేయాలి. మిగిలినదే సామానుకు. మనుషులు, సామాను అంతా కలిపి బండి మోయాల్సిన మొత్తానికీ వేరే పరిమితి ఉంటుంది. అదీ దాటకూడదు.
* రాడ్ల మీద కూడా వాటి పరిమితి రాసి ఉంటుంది. కారు అంకె, రాడ్ల అంకె... రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క.
* సన్‌రూఫ్ ఉంటే అది తెరుచుకునేటప్పుడు రాడ్లకో, మూటకో తగలకుండా చూడాలి. అనుమానమైతే ప్రయాణమంతా మూసే ఉంచాలి. వెనక డిక్కీ తలుపు పూర్తిగా లేచినప్పుడు క్యారియర్‌కు తగులుతుందేమో ఇంటి దగ్గరే చూసుకోవాలి.
* గ్యాస్ సిలిండరు, పెట్రోలు డబ్బా పైన కట్టకూడదు.
* సామానుతో కలిపి బండి ఎత్తు కొలిచి, ఆ అంకెను కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకుంటే తోరణాల దగ్గర తడబాటు ఉండదు.
* మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత, ఆపైన బండి ఆగినప్పుడల్లా బోల్టులు, బెల్టులు చేత్తో చూడాలి. గతుకుల దారి దాటాక తప్పనిసరి.
* బండి మీద బరువున్నప్పుడు వేగం తగ్గించి, ముందు బండికి దూరం పెంచాలి. మలుపుకు ముందే బ్రేకు వేయాలి, మలుపులో కాదు.
* తుప్పు పట్టిన బోల్టును తుడిచి వాడొద్దు. మార్చేయాలి.
* పని అయిపోగానే రాడ్లు విప్పేయడం మేలు. డీజిలు మిగులుతుంది, పైకప్పు అంచున నీరు నిలవదు.